గోదురుకప్ప సొంత పాట

గోదురుకప్పకి జట్టు మీద అనుమానం. తన గొంతు పైకి తేలకుండా మిగతా కప్పలు కావాలనే గట్టిగా అరుస్తున్నాయనుకుని, మడుగు వదిలేసి గట్టు మీది పగిలిన కుండలోకి మారిపోయింది.

“ఒంటిగా పాడేటప్పుడు వినేదెవరో చూసుకోరా అల్లుడూ,” అంది ముసలికప్ప.

“బెదిరిస్తన్నావా మావా?”

జల్లు పడతా ఉంటే కుండలో మొదటి పాట ఎత్తుకుంది. “ఏం గొంతయ్యా, ఇంకోసారి పాడు,” అని గడ్డిలోంచి ఎవరో మెచ్చుకున్నారు. మళ్ళీ పాడితే ఆ మెప్పు ఇంకాస్త దగ్గర్లో వినపడింది.

అంతలో మడుగులో జట్టంతా ఒక్కసారే బెకబెకమంది. ఏ గొంతు ఎక్కడిదో ఎవరికీ తెలీకుండా పోయింది.

“అనుకున్నా, కుళ్ళుబోతులు,” అని గోదురుకప్ప మూతి ముడుచుకుంది.

జల్లు వెలిశాక బయటికొస్తే, కుండ అంచు దాకా వచ్చి వెనక్కి తిరిగిన పాము జాడ బురదలో కనపడింది.

మర్నాడూ అది ఒంటిగానే పాడింది. కాకపోతే మావకి వినపడేంత దగ్గర్లో కూచుని పాడింది.