ఒక్క పూట పేరు

కొరియావాళ్లను దేశం నుంచి వెళ్లగొట్టాలనే వాళ్ల ఊరేగింపు ఆదివారం ఉదయం తమ వీధిలోకి వస్తుందని తెలియగానే వర్తక సంఘం ఒక తీర్మానం చేసింది. ఆ ఒక్క పూటకు ప్రతి కొట్టూ తన కొరియా పేరు పలకను దించి, జపాను పేరు పలకను తగిలించాలి.

ఒసాకాలోని కొరియా వీధులకు ఇది కొత్త విద్య కాదు. తాతల నాటి నుంచీ ప్రతి కుటుంబానికీ రెండు పేర్లు: ఇంట్లోకి ఒకటి, వీధిలోకి ఒకటి. పేరు మారిస్తే మనిషి మారతాడని సంఘంలో ఎవరూ నమ్మలేదు; అద్దాలు మిగులుతాయని మాత్రం అందరూ నమ్మారు. కిందటి ఊరేగింపులో బట్టల కొట్టు అద్దం పగిలింది మరి.

మూలనున్న కిమ్చీ పచ్చడి కొట్టు ముసలామె ఒక్కతే వినలేదు. ఆమె తలుపు మీద ‘హ్యోన్’ అన్న పలక అలాగే ఉంది.

సంఘం అధ్యక్షుడు కో నిచ్చెన మోసుకొచ్చాడు.

“వదినా, ‘కురోసె’ పలక లోపలే ఉందిగా. నేను తగిలిస్తాను. ఒక్క పూట.”

“మీ అన్న కూడా ఒక్క పూటే అన్నాడయ్యా. బూడిదయ్యేదాకా ఆ పూట గడవలేదు.”

ఆమె భర్త హ్యోన్ కడదాకా ఆ కొట్టును ‘కురోసె’ పేరు మీదే నడిపాడు. అసలు పేరు పలకను ఆయన పోయాక ఆమె చెక్కించింది.

“రాళ్లు వేస్తే?”

“అద్దం పగులుద్ది. ఆ నిచ్చెన తీసుకుపో, అడ్డం.”

ఊరేగింపు వచ్చింది. జెండాలు, మైకు, పక్కన బందోబస్తు. వీధి పొడుగునా జపాను పేర్లే కనబడటంతో నాయకుడికి తిట్టడానికి మనిషి దొరకలేదు. మూల మీద దొరికింది.

“ఏయ్ ముసలీ, నీ దేశానికి పో.”

గడప ముందు పీట మీద కూర్చున్న ఆమె కారం అంటిన చేతి తొడుగులు విప్పింది. లేచి, గడప దాటి కొట్టులోకి వెళ్లింది. మళ్లీ వచ్చి అదే పీట మీద కూర్చుంది.

“వెళ్లొచ్చానయ్యా. ఇంకేమన్నా పనుందా?”

ఎదుటి షట్టరు వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

“నువ్వెవరో నీ తలుపే చెప్తోంది,” అన్నాడు నాయకుడు.

“చదవడం వచ్చన్నమాట. ఆ మైకులో గట్టిగా చదువు. మా ఆయన బతికుండగా ఒక్కడూ ఆ పేరు పెట్టి వీధిలో పిలవలేదు.”

గుంపులోంచి రాయి లేచింది. అద్దం భళ్లుమంది. ఆమె కదలలేదు.

అప్పుడు ఎదుటి షట్టరు పైకి లేచింది. బట్టల కొట్టు యాంగ్ బయటికొచ్చి ‘యానగవా’ పలక పీకి, ‘యాంగ్’ పలక తగిలించాడు. ఆ పక్క కొట్టూ తెరుచుకుంది. తర్వాత మరొకటి. కో నిచ్చెనతో తిరిగొచ్చాడు; ఎత్తు మీది పలకలకు అది బాగా పనికొచ్చింది. తిట్టడానికి ఇప్పుడు పేర్లకు కొదవ లేదు. మైకు గొంతే తగ్గింది.

ఊరేగింపు దాటిపోయాక కో గాజుముక్కలు ఊడ్చాడు. లోపల మూలనున్న పాత పలకను కాలితో చూపించాడు.

“ఈ దిక్కుమాలినదాన్ని పొయ్యిలో పెట్టెయ్యనా, వదినా?”

“వద్దు. దాని తప్పేముంది?”

ఆమె ‘కురోసె’ పలకను ఒళ్లోకి తీసుకుని నడుముకు కట్టుకున్న గుడ్డతో దుమ్ము తుడిచింది: అది ఆమె పుట్టింటి పేరు, ఆ వీధి మొత్తానికీ జపాను తల్లిదండ్రులకు పుట్టిన మనిషి ఆమె ఒక్కతే.