ఛాయాదేవి మొదటి పేజీ

"ఆవిడకేం తెలుసండీ! పేజీ పెట్టడమంటే పప్పు తాలింపు కాదు!" అన్నాడు చలపతి మాస్టారు.

దీపావళి ఆన్‌లైన్ మీటింగులో నలభై కిటికీలు ఒక్కసారి గొల్లుమన్నాయి. ఆ నవ్వుకి ఇక్కడ జర్మనీలో, ఇంగోల్‌స్టాట్ స్టేషన్లో మ్యూనిక్ రైలు జడుసుకుని ఒక నిమిషం కదల్లేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

గిరిజ చేసిన నేరమల్లా ఒకటే. తెలుగు సంఘం ఉగాది సంచికలో నాలుగు పేజీలు తాను పెడతానంది. ఏడేళ్ళుగా ఆ సంచిక మాస్టారి సొత్తు. ఇంకో చెయ్యి పడనివ్వడు.

గిరిజ కూడా నవ్వింది. నవ్వుతూనే కెమెరా ఆపేసింది. 'ఆ సంచిక ఆ మనిషి చేతుల్లోంచి ఊడబెరక్కపోతే నా పేరు గిరిజ కాదు' అనుకుంది.

పాము పగ పన్నెండేళ్ళంటారు. ఈవిడకి పన్నెండు వారాలు చాలు. లాక్‌డౌన్ కదా, మాస్టారు కంప్యూటర్లో పేజీలు పెట్టడం నేర్పే పన్నెండు వారాల డీటీపీ క్లాసు ఆన్‌లైన్లో తెరిచాడు, ఓనమాలు రానివాళ్ళకి కూడా. అందులో కాట్‌బస్ అనే ఊరి నుంచి ఛాయాదేవి అని ఒకావిడ చేరింది. కెమెరా లేదు, మైకు పాడు, ఏదడిగినా టైపు చేసే అడుగుతుంది. ఆ ఛాయాదేవి ఎవరో వేరే చెప్పాలా?

గిరిజ తలుపేసుకుని నేర్చుకుంది. మొదట్లో బొమ్మ పెడితే అక్షరాలు గోడ దూకేవి. ఒత్తులు అక్షరాల్ని వదిలేసి పక్క లైన్లో కాపురం పెట్టేవి. ఆరో వారానికి అన్నీ దారికొచ్చాయి. మాస్టారి ప్రతి మాటా రాసుకుంది. శత్రువు మాట మరి, పొల్లుపోకూడదు.

"ఛాయాదేవిగారూ, మీ చేతిలో సరస్వతి ఉందండీ!" అన్నాడాయన తొమ్మిదో వారం. "మా ఇంట్లోనూ ఉంది ఒకావిడ. పొద్దస్తమానం సీరియళ్ళే. మీ కాలిగోటికి చాలదు."

"పాపం, ఆవిడనేం అనకండి" అని టైపు చేసింది గిరిజ, కీబోర్డు విరిగేట్టు.

క్లాసు ముగియగానే ఛాయాదేవి సంఘానికి రాసింది. ఒకే వ్యాసం, మాస్టారూ నేనూ చెరో పేజీ పెడతాం, పేర్లు లేకుండా ప్రెస్సుకి పంపండి. ఎవరిది బాగా అచ్చయితే ఉగాది సంచిక వాళ్ళది.

"పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ! కానివ్వండి" అన్నాడు మాస్టారు.

ఏడేళ్ళూ ఆయన హైదరాబాదులో అచ్చేయించి తెప్పించేవాడు. ఈసారి విమానాలు లేవు. ప్రెస్సు ఇక్కడి జర్మన్లది. వాళ్ళ కంప్యూటర్లో తెలుగు ఫాంటు ఎందుకుంటుంది? ఫాంటు కూడా ఫైల్లోనే మూటగట్టి పంపాలని మాస్టారు రెండో క్లాసులోనే చెప్పాడు. శిష్యురాలు కట్టింది. గురువు అలవాటు కొద్దీ ఉత్త ఫైలు పంపాడు.

సంఘం కార్యదర్శి వైశాలి మీటింగులో రెండు పేజీలూ చూపించింది. ఒకటి ముత్యాల కోవ. రెండోదాన్లో ఒక్క అక్షరం లేదు, నిండా ఖాళీ గళ్ళు.

"సంచిక ఛాయాదేవి గారిది. మాస్టారూ, మీరు ప్రూఫులు చూసిపెట్టండి, చాలు."

మాస్టారి మొహాన కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. "ఎవరమ్మా నువ్వు? ఒక్కసారి మొహం చూపించు. దణ్ణం పెడతాను."

ఆ దణ్ణం కోసమే కాచుక్కూర్చుంది గిరిజ. ల్యాప్‌టాప్ ఎత్తుకుని హాల్లోకి వచ్చింది. సోఫాలో తీరిగ్గా కూర్చుంది. కెమెరా ఆన్ చేసింది.

చలపతి మాస్టారికి తెర మీద కట్టుకున్న పెళ్ళాం, ఆవిడ భుజం వెనక తన సొంత బట్టతల కనిపించాయి.