మూసుకోని విండో

"వెళ్తూ వెళ్తూ ఏదో మెలిక పెట్టిపోయాడమ్మా ఆ ప్రబుద్ధుడు. ముందు అది పీకి పారెయ్!" గది అదిరిపోయేలా అరిచాడు మేనేజరు.

ప్రబుద్ధుడంటే పాత ఆపరేటరు. ఫైళ్లు కాపీ అవుతుండగా కమాండ్ విండో మూసేశాడని పోయిన నెలే అతని ఉద్యోగం ఊడింది. అతని స్థానంలోకి వచ్చిన అమ్మాయికి కుర్చీ ఎత్తు కూడా ఇంకా కుదరలేదు.

ఆమె ముందు నల్లటి విండో. కొనప్రాణంతో ఉన్న పాత డిస్కులోంచి ఆసుపత్రి రోగుల స్కాన్లన్నీ దాని ద్వారానే కొత్తదానిలోకి కాపీ అవుతున్నాయి. విండో మూసుకుంటే కాపీ ఆగిపోతుంది. ఆగితే ఆ డిస్కు మళ్లీ లేస్తుందని ఎవరికీ నమ్మకం లేదు. స్కాన్లూ పోతాయి, ఆమె ఉద్యోగమూ పోతుంది.

"ఏం మెలిక సార్?"

"రెండు బటన్లు నొక్కితే చచ్చినట్టు మూసుకోవాలి. నిన్న నొక్కితే నన్నే వెక్కిరించింది. కావాలంటే చూడు!"

"సార్, ఆగండి, కాపీ..."

ఆమె మాట నోట్లో ఉండగానే ఆయన ఆమె భుజం మీదుగా వంగి, కంట్రోలూ డీ కలిపి టక్కున నొక్కేశాడు.

అమ్మాయికి పై ప్రాణాలు పైనే పోయాయి. విండో మాత్రం కదల్లేదు. 'బయటికి వెళ్లాలంటే ఎగ్జిట్ అని టైపు చేయండి' అని ఒక్క ముక్క చూపించి ఊరుకుంది. కాపీ తన మానాన తాను సాగిపోతోంది.

"చూశావా, దీని పొగరు!"

"కాపీ నడుస్తోంది సార్."

"ఆఁ? ఆ ముక్క ముందే ఏడవొద్దూ!" అంటూ మేనేజరు విసవిసా వెళ్లిపోయాడు.

స్కాన్లన్నీ క్షేమంగా చేరాక అమ్మాయి నర్సమ్మనడిగి పాత ఆపరేటరు నంబరు తీసుకుంది. మొహమైనా చూడని మనిషి. అయినా అతను ఫోనెత్తగానే సొంత మనిషిలా పలకరించింది.

"అన్నయ్యా, మీ సీట్లోకి వచ్చినదాన్ని. మీ పుణ్యమా అని ఇవాళ స్కాన్లు దక్కాయి, నా ఉద్యోగం నిలబడింది. విండో మూసుకోకుండా చేసిన మీ చేతులకి దణ్ణం పెట్టాలి."

"అయ్యో, అంత మాటెందుకు చెల్లీ! నా తర్వాత వచ్చేవాళ్లకి నా గతి పట్టకూడదని పెట్టానంతే."

"ఎవరి చెయ్యైనా జారుతుంది కదా అన్నయ్యా."

"నా చెయ్యెప్పుడు జారిందమ్మా?" అవతల అతను నవ్వాడు. "ఈసారి కూడా మేనేజరు గారే వంగి నొక్కారా?"