మొద్దు నాలుక

"తాగి ఆసుపత్రికి రాకూడదు పెద్దాయనా. ఇంటికి పోయి పడుకో," అంటూ గేటు కాపలావాడు వాస్వాకు కర్ర అడ్డం పెట్టాడు.

"థాగలేదు నాయనా." ఆ మాట కూడా ముద్దగానే వచ్చింది.

కాపలావాడు ఆయన కళ్లచుట్టూ కమిలిన నలుపు చూసి నవ్వాడు. "రాత్రి ఎవడితో తన్నులాట?"

కంపాలాలో అందరూ అడిగేశారు ఆ మాట. టాక్సీ యజమాని తాళాలు లాక్కున్నాడు. చర్చిలో ఆయన కూర్చుంటే ఆ బల్ల ఖాళీ అయిపోతోంది. భార్య నాకిటో బట్టలు సర్దుకుని మసాకాలో అన్నగారింటికి వెళ్లిపోయింది. అరటికాయలు ఒక్కడికే ఉడకేసుకుని, మింగుడుపడక సగం వదిలేస్తున్నాడు.

ఇంతలో డాక్టర్ అమొంగిన్ బయటికి వచ్చింది. "ఆయన నా పేషెంటు, రానీ," అని గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

"పరీక్షలన్నీ వచ్చాయి సెబో," అంది, అక్కడి మాటలో మర్యాదగా 'అయ్యా' అని పిలుస్తూ. "మీకు రెండు జబ్బులున్నాయి. మెడలో ఆ గడ్డలు లింఫోమా, అంటే లింఫు గ్రంథుల కాన్సర్. ఆ కణాలే పనికిరాని ప్రోటీన్ ఒకటి తయారుచేస్తున్నాయి. మీ పొట్టమీది కొవ్వుకు రంగు వేసి చూస్తే దొరికింది. రెండో జబ్బు అదే. అది పేరుకునే నాలుక మొద్దుబారింది, కళ్లచుట్టూ రక్తం చిమ్ముతోంది. గుండెకూ కాస్త పట్టింది."

కాన్సర్ అన్న మాట ఆయన చెవికెక్కినట్టు లేదు. "అయితే ఇది తాగుడు కాదని నువ్వు చెబుతున్నావు."

"కాదు సెబో."

వాస్వా మొహం చేతుల్లో దాచుకుని చాలాసేపు ఏడ్చాడు.

"మందులకు లొంగుతుంది. కానీ గుండె తట్టుకోవాలిగా, కొద్దికొద్దిగా ఎక్కించాలి. ఇంట్లో కనిపెట్టుకుని ఉండే మనిషి లేకుండా మొదలుపెట్టలేను. ఎవరున్నారు మీకు?"

"నాకిటో వస్తుంది. నా గొంతు వింటే మాత్రం ఫోన్ పెట్టేస్తుంది. నువ్వు చెప్పు తల్లీ."

డాక్టర్ నంబరు కలిపి, ఆయనకూ వినపడేలా స్పీకర్ పెట్టింది. "న్యాబో, అమ్మా, మీ ఆయన నా దగ్గరే ఉన్నారు. ఆయన తాగడంలేదు. అది జబ్బు. ఇప్పుడు ఆయన పక్కన మీరుండాలి."

వాస్వా ఉండబట్టలేక ఫోన్ మీదికి వంగాడు. "విన్నావా నాకిటో? థాగలేదే నేను."

అవతలినుంచి నాకిటో గొంతు, ఏ కోపమూ లేకుండా, అలసటగా వినిపించింది.

"బాగానే నేర్పించాడు నీకు. ఏ బారులో పనిచేస్తున్నావమ్మాయ్?"