అరవై మూడు చాలదు

ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చిన లారీకి కోడలు అడ్డంగా నిలబడేసరికి అప్పలసూరికి తల కొట్టేసినట్టయింది.

"ఏటే సుహాసినీ? తప్పుకో, దించనీ!"

"అరవై మూడు కేవీఏ చాలదు మావా. వంద కావాల."

కాంట్రాక్టరు ధనరాజ్ నవ్వాడు. "మీ ఐసు ఫ్యాక్టరీ మోటారుకి లెక్కగట్టే తెచ్చానమ్మా."

"మోటారుకి గట్టారు. దాని వేగం మార్చే డ్రైవుని వదిలేశారు. అది కరెంటుని ముక్కలు ముక్కలుగా లాగుతాది, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కిపోతాది. వేట జోరులో ఇది కాలిపోతే పడవలోళ్లకి ఐసెవరిస్తారు?"

ధనరాజ్ అప్పలసూరి వైపు తిరిగాడు. "ఇంట్లో ఆడవాళ్లని అడిగి ఫ్యాక్టరీ నడుపుతారా? ఓనరు మీరు. దించమనండి."

"ఓనరుని నేను," అంది సుహాసిని. "ఆడోళ్ల పేరునైతే సబ్సిడీ ఎక్కువొస్తాదని నాసేత సంతకం ఎట్టించినారు కదా మావా? సరుకు దించుకున్నట్టూ నేనే ఎట్టాల. ఎట్టను."

సబ్సిడీ తెచ్చిన సంతకానికి కాదనే నోరు కూడా ఉంటుందని అప్పలసూరికి అప్పటిదాకా తోచలేదు.

"బాబూ, డ్రైవుకి లెక్క గట్టినావా, నేదా?" అని ధనరాజ్‌ని అడిగాడు.

ధనరాజ్ లారీ టైర్ల వంక చూశాడు. తర్వాత మళ్లీ అప్పలసూరి వంకే చూశాడు, ఏం చెయ్యమంటారన్నట్టు.

"నన్నేటి సూత్తావు?" అన్నాడు అప్పలసూరి. "ఓనరమ్మనడుగు."