కింది రంధ్రాలు

“కొలవాల్సింది గోడనండీ, మా అమ్మని కాదు!”

కూతురు విసుక్కుంది.

కార్పెంటరు వినిపించుకోలేదు. బాత్రూమ్‌లో స్టూలు మీద కూర్చున్న పెద్దావిడతో, “ఇంకోసారి లేవండమ్మా. చెయ్యి ఎటు పోతే అటు పోనివ్వండి” అన్నాడు.

“ఇది ఐదోసారి నాయనా. బళ్ళో కూడా ఇన్ని గుంజీలు తీయలేదు నేను” అంటూ లేచిందావిడ.

ఆవిడ చెయ్యి గోడకి తగిలినచోట పెన్సిలుతో గీత పెట్టాడు. అక్కడే రంధ్రాలు వేసి స్టీలు కడ్డీ బిగించాడు.

కూతురు టేపు పెట్టి చూసింది.

“ఇరవై ఎనిమిది అంగుళాలా? కడ్డీతో వచ్చిన ఈ కాగితంలో ముప్పై ఆరని ఉంది కదా!”

“కాగితానికి నడుం వంగదు కదమ్మా.”

“ఎకసెక్కాలొద్దు. ఈ బాత్రూమ్ కుదిరితేనే అమ్మ ఈ ఇంట్లో ఉండేది. లేదంటే నాతో తీసుకెళ్ళిపోతా.”

పెద్దావిడ మొహం చిన్నబోయింది.

“అది చెప్పినట్టే చెయ్యి నాయనా” అని గొణిగింది.

ఆయన మళ్ళీ డ్రిల్లు అందుకున్నాడు. కడ్డీ విప్పి పైన బిగించాడు.

వెళ్తూ వెళ్తూ, “కింది రంధ్రాలు మాత్రం పూడ్చకండి. ముందు ముందు కావాలి” అన్నాడు.

మర్నాడే కూతురు వాటిలో తెల్లసిమెంటు కూరింది.

నాలుగు నెలల్లో పెద్దావిడ నడుం ఇంకాస్త వంగింది.

ఒక ఉదయం స్టూలు మీంచి లేవబోతూ చెయ్యి చాపింది. కడ్డీ అందలేదు. అక్కడే కూలబడింది.

ఎముక విరగలేదు. ధైర్యమే విరిగింది.

“నా బట్టలు సర్దవే. నీతో వచ్చేస్తాను” అంది, కబురంది వచ్చిన కూతురితో. ఇల్లు కదలనని ఏడాదిగా భీష్మించుకున్న మనిషి.

కూతురు బట్టలు సర్దలేదు. కార్పెంటరుకి ఫోను చేసింది. కలవలేదు. ఆయన్ని పంపిన పక్కింటామెను అడిగి, ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది.

తలుపు తీసే ఉంది. ఇంటి ఓనరు గోడకి పుట్టీ పెడుతున్నాడు.

“అద్దెకేనా అమ్మా? రెండ్రోజులాగండి. ముందున్నాయన గోడని జల్లెడ చేసి పోయాడు.”

మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ దాకా రంధ్రాలే. భుజమెత్తున ఒక వరస. బెత్తెడు కింద ఇంకో వరస. ఆ కింద మరొకటి. అలా దిగుతూ దిగుతూ మోకాలి దాకా.

ఆమె ఒక్కో వరసనీ వేలితో తడుముతూ కిందికి వంగింది.

“ఆయన ఎక్కడున్నారిప్పుడు?”

“వాళ్ళమ్మ పోయిందండీ. ఆ నెలలోనే ఖాళీ చేశాడు. ఎక్కడికో చెప్పలేదు.”

“అలాంటి కార్పెంటరు మళ్ళీ దొరకడు” అంది తనలో తాను అనుకున్నట్టు.

“కార్పెంటరా?” ఓనరు పుట్టీ పెట్టడం ఆపి వెనక్కి తిరిగాడు. “బస్సు డ్రైవరమ్మా ఆయన. వాళ్ళమ్మ నడుం వంగినప్పుడల్లా కడ్డీ కిందికి దించడానికే డ్రిల్లు పట్టడం నేర్చుకున్నాడు.”