తెగని కనెక్షన్

ఇనపరాడ్డు దెబ్బకి అన్నయ్య కొత్త అద్దింటి తలుపు చీలింది. "బయటికి రావే! చంపేస్తా!" అంటూ బయట ఆమె మొగుడు అరుస్తున్నాడు.

తన ఆచూకీ దాచే వీపీఎన్ తెగిపోయిందేమోనని ఆమె కంప్యూటర్లో చూసింది. కనెక్టయి ఏడు గంటలు, ఒక్కసారీ తెగలేదు. ఊరు కూడా వేరేదే చూపిస్తోంది.

"మరి ఈ ఇల్లు వాడికెలా తెలిసిందన్నయ్యా?"

అన్నయ్య ఆమె మొహంకేసి చూడకుండా గడియ మీద చెయ్యేశాడు. "నేనే రమ్మన్నానమ్మా. కూర్చుని మాట్లాడుకుంటే సర్దుకుంటుంది."

పోయినసారి సర్దుకున్నప్పుడు విరిగిన మోచెయ్యి ఇంకా తిన్నగా రాలేదు. ఆమె కూరగాయల కత్తి అందుకుని అన్నయ్య మణికట్టుకి ఆనించింది.

"గడియ తీశావంటే చెయ్యి నరికేస్తానన్నయ్యా."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తలుపు ఇంకో చోట పగిలింది. ఆమె కత్తి దించకుండానే పోలీసులకి ఫోన్ చేసి, తానెక్కడుందో వీధి పేరుతో సహా గట్టిగా చెప్పింది.